అంబాసిడర్ సిల్ తుప్పు: యాసిడ్ దగ్గరే అసలు పని

నమస్కారం అండి. ఇవాళ మన ముందున్నది అంబాసిడర్. డోర్ తీసి పక్కన పెట్టాం, కింద సిల్ చూడండి, అంటే డోర్ కింద బాడీ పొడుగునా ఉండే బోలు రేకు. ఇదిగో, ఇక్కడ, పెయింట్ కింద బుడగలు. స్క్రూడ్రైవర్‌తో ఇలా పొడవండి... దిగిపోయింది, చూశారా? సిల్‌లో ఇలా బుడగ లేచిందంటే తుప్పు చాలావరకు లోపల్నుంచి బయటికి వచ్చినట్టే. దీని మీద పుట్టీ పెట్టి రంగు కొడితే వచ్చే వానాకాలానికి మళ్ళీ ఇదే బుడగ.

బరంపురం, గోపాలపూర్, ఛత్రపురం, ఇటు ఇచ్ఛాపురం, ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో బండి పెట్టుకున్నవాళ్ళు కాస్త శ్రద్ధగా చూడండి. ఉప్పు గాల్లో తేమని లాక్కుంటుంది. వాన పడకపోయినా రేకు లోలోపల చెమ్మగానే ఉంటుంది. పైగా అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. కంపెనీ సిల్ దొరికితే అదృష్టం, లేకపోతే రేకు కోసి అతకడమే.

బ్యాటరీ వైరు తీసేయండి. కార్పెట్ ఎత్తేయండి. పొడిస్తే దిగిన చోటల్లా గ్రైండర్‌తో కోసేయండి, గట్టి రేకు తగిలాక ఇంకో అంగుళం కలిపి. 20 గేజ్ రేకు ముక్క, మిగ్ వెల్డింగ్ (గ్యాస్, తీగతో చేసేది), చుక్కలు చుక్కలుగా. ఒక చుక్క ఇక్కడ, తర్వాతది ఆ చివర. ఒకే చోట గీత లాగితే రేకు వంకర పోతుంది. రాడ్డు వెల్డింగ్ మాత్రం వద్దు, కన్నాలు పడతాయి. ఇదంతా తెలిసిందే, ముందుకెళ్దాం.

ఇప్పుడు అతుకు చుట్టూ మిగిలిన తుప్పు. కప్ బ్రష్ పెట్టి గ్రైండర్ తిప్పితే, చూడండి, నల్లగా నిగనిగలాడుతోంది. తుప్పు పోయిందనుకుంటాం. పోలేదు. వైర్ బ్రష్ తుప్పుని చాలాచోట్ల పాలిష్ చేస్తుందంతే. ఫోన్ కెమెరాతో జూమ్ చేయండి... ఆ నల్ల చుక్కలు కనబడుతున్నాయా? అవన్నీ గుంతల్లో మిగిలిన తుప్పే. ఫ్లాప్ డిస్క్, అంటే గ్రైండర్‌కి పెట్టే సాండ్‌పేపర్ చక్రం, వేసి గుంతలు తీసేద్దామంటే రేకే పల్చబడిపోతుంది. అందుకే యాసిడ్.

ఇక్కడ ఆగుదాం. ఎక్కువ పనులు చెడేది ఇక్కడే.

డబ్బా మీద ఫాస్ఫారిక్ యాసిడ్ అని ఉందో లేదో చూసి కొనండి. బాత్రూం కడిగే యాసిడ్ వాడేవాళ్ళు ఉన్నారు, దయచేసి వద్దు. అది హైడ్రోక్లోరిక్. అతుకుల్లోకి దిగిందంటే క్లోరైడ్ అక్కడే ఉండిపోతుంది, అంటే చేతులారా ఉప్పు పోసినట్టే. గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకోండి. బ్రష్‌తో పట్టించండి. 15, 20 నిమిషాలు తడి ఆరనివ్వకూడదు. ఆరుతోందా, మళ్ళీ పట్టించండి. ఆరుతోందా, మళ్ళీ. మధ్యలో స్కాచ్‌బ్రైట్‌తో రుద్దండి. ఎండలో అస్సలు చేయకండి, నీడలోనే.

ఆరిపోతే ఏమవుతుంది? ఇదిగో, ఈ మూల కావాలనే వదిలేశాను. తెల్లటి పొడి కట్టింది చూశారా? దీని మీద ఎపాక్సీ ప్రైమర్, అంటే రంగుకి ముందు వట్టి రేకు మీద కొట్టే పొర, కొడితే పట్టదు. ఎపాక్సీలో కలిపే హార్డెనర్‌ని మిగిలిన యాసిడ్ తినేస్తుంది, కింద పొర జిగటగానే ఉండిపోతుంది. కొన్ని నెలలకి గోరుతో గీస్తే పెచ్చులూడుతుంది. పొడి కట్టేసినా కంగారు పడక్కర్లేదు. అదే యాసిడ్ మళ్ళీ పూసి తడపండి, కరుగుతుంది. ఆ తడి మీదే మంచినీళ్ళతో కడిగేయండి, రెండుసార్లు. వెంటనే గుడ్డ, తర్వాత కంప్రెసర్ గాలి, అతుకుల్లోకి హీట్ గన్.

కడగ్గానే రేకు మీద లేత పసుపు తుప్పు తిరుగుతుంది. ఈ తేమలో తిరగకుండా ఉండదు. 80 నంబరు పేపర్‌తో పొడిగా రుద్దండి, పోతుంది. థిన్నర్ గుడ్డతో తుడిచి, గంటలోపు ఎపాక్సీ. రేపు కొడదాంలే అన్నారో, మళ్ళీ యాసిడ్ దగ్గర్నుంచి మొదలు. వాన ముసురు ఉన్న రోజు ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది.

ఎపాక్సీ రెండు కోట్లు, కొలత డబ్బా మీద రాసుంటుంది. ఆరాక అతుకుల్లో సీమ్ సీలర్, సందులు మూసే పేస్టు. పుట్టీ ఈ ఎపాక్సీ మీదే పెట్టండి, వట్టి రేకు మీద కాదు. పుట్టీ నీళ్ళు పీలుస్తుంది. పుట్టీలో కలిపే హార్డెనర్ 2 శాతం చాలు, ఎక్కువ కలిపితే పై రంగులోకి మరక తేలుతుంది. రంగు సంగతి ఇంకో వీడియోలో.

రంగు పూర్తయ్యాక సిల్ లోపలికి క్యావిటీ వ్యాక్స్, తుప్పు పట్టకుండా బోలు భాగాల్లో కొట్టే మైనం. కొంతమంది వాడేసిన ఇంజన్ ఆయిల్ కొడతారు. చవకే, కాదనను. కానీ దుమ్ము పడుతుంది, రబ్బరు బుష్‌లు ఉబ్బిపోతాయి, కింద నేలంతా నూనె. నేనైతే వ్యాక్సే అంటాను. పొడుగాటి గొట్టం నాజిల్ చివరిదాకా తోసి, కొడుతూ మెల్లగా వెనక్కి లాగండి... ఇలా. డ్రెయిన్ కన్నాల్లోంచి కారిందంటే లోపల పట్టినట్టు. కింద అట్టముక్క వేసుకోండి.

మర్నాడు ఆ కన్నాల్లో తీగ పెట్టి ఒకసారి పొడవండి. అక్కడ వ్యాక్స్ గడ్డకట్టి మూసుకుపోతే, లోపలికొచ్చిన వాననీళ్ళు బయటికి పోయే దారుండదు. డోర్ల అడుగున కన్నాలు కూడా, అవీ చూడండి.