చామంతి లెక్కపెట్టేది చీకటిని

అందరికీ నమస్కారం. మొక్కల గురించి మాట్లాడదామని కూర్చుంటే చాలు, నాకు ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే: "ఆకులే వేస్తోందండీ, పూత రావాలంటే ఏం మందు కొట్టాలి?" మందు సంగతికి తర్వాత వస్తాను, ముందు ఆ మొక్కకి రాత్రి పూర్తిగా చీకటి పడుతోందా లేదా చూడండి.

పగటి నిడివిని బట్టి కొన్ని మొక్కలు పూతకొస్తాయని 1920లో గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రవేత్తలు చెప్పారు. 1938లో హామ్నర్, బోనర్ అనే మరో ఇద్దరు, రాత్రి పొడవైతే పూసే జాంథియం అనే కలుపు మొక్క మీద ప్రయోగాలు చేస్తే, అది లెక్కపెట్టేది పగటిని కాదు, రాత్రిని అని తేలింది. పొడవాటి రాత్రి మధ్యలో కాసేపు లైటు వేస్తే చాలు, పూత రాలేదు. చామంతిదీ ఇదే తీరు. పక్కన రాత్రంతా లైటు వెలుగుతుంటే దానికి రాత్రి పొడవైనట్టే తెలియదు, కొమ్మలు వేస్తూనే ఉంటుంది.

ఇక రంగు. నాకు అన్నిటికన్నా అబ్బురమనిపించేది ఇదే. ఇలాంటి మొక్కలకి రాత్రి మధ్యలో 660 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎరుపు కాంతి వేస్తే పూత ఆగుతుంది, వెంటనే 730 దగ్గరి ఫార్ రెడ్, అంటే ఎరుపు అంచున కంటికి సరిగా కనపడని కాంతి, వేస్తే అసలు లైటే వేయనట్టు పూస్తుంది, మళ్ళీ ఎరుపు వేస్తే మళ్ళీ ఆగుతుంది, ఎన్నిసార్లు మార్చినా చివర వేసిన రంగుదే మాట! ఆకులో ఫైటోక్రోమ్ అనే పదార్థం రెండు రూపాల మధ్య అటూ ఇటూ మారుతుంటుంది, అందుకే ఇలా. పొడవు పగళ్లలో పూసే మొక్కలకైతే ఇదే రాత్రి లైటు పూతను తెస్తుంది, కాబట్టి లైటు మంచిదా చెడ్డదా అని విడిగా అడిగితే జవాబు ఉండదు.

హార్మోన్లూ అంతే. నేలకు అంటుకుని ఆకులు పరిచే కొన్ని పొడవు పగటి మొక్కలకు జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ ఇస్తే, పగలు చిన్నగా ఉన్నా కాడ వేసి పూస్తాయి. మామిడికి అదే ఇస్తే పూత వెనక్కి పోతుంది. మామిడికి పూత కోసం వాడే పాక్లోబ్యూట్రజాల్ అనే మందు చేసే పని జిబ్బరెల్లిన్ తయారీని తగ్గించడమే. అనాస కథ ఇంకోటి, దాన్ని పూయించేది ఇథిలీన్ అనే వాయు హార్మోన్, అందుకే ఆ ఇథిలీన్‌ను విడుదల చేసే ఎథెఫాన్ మందు కొడతారు. అదీ మొక్క తగినంత పెరిగాకే కొట్టాలి, చిన్న మొక్కకి తొందరపడి కొడితే పూస్తుంది గానీ కాయ చిన్నదే వస్తుంది.