రోజూ తీసే ఫొటో కింద రెండు లైన్లు

అందరికీ నమస్కారం అండి. ఇంత చలిలో పొద్దున్నే మన వాకర్స్ మీటింగుకి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషంగా ఉంది. నన్ను ఫొటోల గురించి మాట్లాడమన్నారు కానీ నేను కెమెరాలు లెన్సుల జోలికి వెళ్ళనండి, ఇక్కడ అందరి చేతుల్లోనూ ఫోన్ ఉంది, అది చాలు. నేను చెప్పాలనుకున్నది మనం చలికాలం వచ్చిందంటే రోజూ తీసి ఒకళ్ళకొకళ్ళం పంపుకునే ఫొటోల గురించి, అదే గోదారి మీద సాయంత్రం ఆకాశం, పెరట్లో చామంతి, గడ్డి మీద మంచు, దడి పక్కన డిసెంబరాలు. చాలామంది వీటిని టైంపాస్ కింద కొట్టిపారేస్తారు. నాకు మాత్రం ఇవి చాలా విలువైనవనే నమ్మకం, కాకపోతే మనం పంపేటప్పుడు ఒక్క చిన్న పని చెయ్యట్లేదు, ఫొటో కింద తేదీ, చోటు, ఏం చూశామో రెండు లైన్లు రాయట్లేదు. ఆ రెండు లైన్లు ఎందుకంత ముఖ్యమో చెప్తాను.

ముందు మన ఆకాశం సంగతి. రాజమండ్రి వాళ్ళకి ఒక అదృష్టం ఉందండి, గోదారి మనకి పడమర వైపు ఉంది, అందుకని ఏ రేవులో నిలబడినా సూర్యుడు అవతలి ఒడ్డున ఉన్న కొవ్వూరు వైపు నీళ్ళ మీదుగా దిగుతాడు. దిగే చోటు మాత్రం రోజూ ఒకటి కాదు. జూన్ ఆఖర్లో బాగా కుడికి, అంటే ఉత్తరం వైపు దిగుతాడు, అక్కడి నుంచి జరుగుతూ జరుగుతూ డిసెంబర్ 21 నాటికి ఎడమకి, దక్షిణం వైపు వచ్చేస్తాడు, ఈ రెండు చోట్లకీ మధ్య మన దగ్గర దాదాపు 49 డిగ్రీల దూరం. చెయ్యి ముందుకి బారుగా చాపి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు కప్పుతుంది, అంటే ఐదు పిడికిళ్ళంత దూరం అన్నమాట. సంక్రాంతి వచ్చేసరికి మళ్ళీ కుడివైపు ప్రయాణం మొదలై ఒక నాలుగు సూర్యబింబాలంత పక్కకి జరిగి ఉంటాడు. ఉత్తరాయణం అని మనం పంచాంగంలో చదువుకునేది ఇదేనండి, ఫోన్‌తో కళ్ళకి కనపడేలా పట్టుకోవచ్చు. ఒకే మెట్టు మీద, ఒకే స్తంభం పక్కన నిలబడి పది రోజులకోసారి ఒక ఫొటో తీయండి, జూమ్ చెయ్యకుండా, ఎదురుగా ఉన్న బ్రిడ్జి పిల్లర్ ఏదో ఒకటి గుర్తుగా ఫ్రేములో ఉంచండి. ఆర్నెల్ల తర్వాత వరసగా పెట్టి చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

టైం సంగతి ఇంకా బాగుంటుంది. పగలు అన్నిటికన్నా చిన్నగా ఉండేది డిసెంబర్ 21, 22 అని అందరికీ తెలుసు, కానీ సూర్యాస్తమయం అన్నిటికన్నా ముందుగా అయిపోయేది నవంబర్ ఆఖర్లో, ఐదున్నరకి ముందే దిగిపోతాడు, సూర్యోదయం అన్నిటికన్నా ఆలస్యంగా అయ్యేది మాత్రం జనవరి మూడో వారంలో. పండగ వెళ్ళిపోయాక కూడా పొద్దున్నే ఇంకా తెల్లారలేదేంటి అనిపిస్తుంది చూడండి, అది మీ బద్ధకం కాదు, నిజంగానే సూర్యుడు ఆలస్యంగా వస్తున్నాడు. భూమి జనవరి మొదటి వారంలో సూర్యుడికి దగ్గరగా వచ్చి, సూర్యుడి చుట్టూ కాస్త వేగంగా తిరుగుతుంది, దానికి తోడు భూమి ఒరిగి ఉంది, ఈ రెండూ కలిసి సూర్యుడు బాగా పైకి వచ్చే మధ్యాహ్నం వేళనే గడియారంలో కొన్ని నిమిషాలు ముందుకీ వెనక్కీ జరుపుతాయి, దాంతోపాటే సూర్యోదయం, అస్తమయం కూడా జరుగుతాయి. వాకింగ్‌కి వెళ్ళే టైం మారకుండా రోజూ ఒకే నిమిషానికి తీసినవాళ్ళ ఫొటోల్లో వెలుతురు తేడా ఇట్టే తెలిసిపోతుంది.

ఇంకోటి, ఈ నెలల్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నడినెత్తికి రాడు, డిసెంబర్ 21న మన ఊళ్ళో 50 డిగ్రీల ఎత్తు కూడా దాటడు. అందుకే రోజంతా వెలుగు పక్క నుంచి పడుతుంది, గోడ గరుకుదనం, ఆకు ఈనెలు, ముగ్గులో పిండి గీత మందం అన్నీ తేలి కనపడతాయి. మే నెల్లో పన్నెండింటికి తీసిన పువ్వు తెల్లగా చచ్చిపోయినట్టు ఉంటుంది కదా, జనవరిలో పన్నెండింటికి తీసినా బాగానే వస్తుంది.

మంచు గురించి. రాత్రి మబ్బు లేకపోతే నేల వేడి అంతా పైకి పోతుంది, నేలకి ఆనుకున్న గాలి చల్లబడి, అందులో గోదారి తేమ ఉంటుంది కాబట్టి పొగమంచు పడుతుంది. కింద చల్లగాలి, దాని మీద వెచ్చటి గాలి మూతలాగా కూర్చుంటుంది. భోగి నాడు తెల్లవారుజామున ఎత్తు మేడ ఎక్కి ఊరి వైపు ఒక ఫొటో తీయండి, మంటల పొగ కొంచెం పైకి లేచి అక్కడి నుంచి ఇంక ఎక్కలేక అడ్డంగా పరుచుకుపోతుంది, ఆ అడ్డ గీత ఎక్కడుందో అక్కడే ఆ మూత ఉన్నట్టు. మంచులో తీసేటప్పుడు ఒక చిన్న విషయం, ఫోన్ తెల్లటి మంచుని చూసి వెలుతురు ఎక్కువైందనుకుని ఫొటోని బూడిద రంగులోకి దింపేస్తుంది, స్క్రీన్ మీద తాకి ఆ సూర్యుడి గుర్తుని కొంచెం పైకి లాగండి. బంతిపువ్వుకి మాత్రం రివర్స్, కిందకి లాగాలి, లేకపోతే పసుపంతా ముద్దయిపోయి రేకుల మధ్య గీతలు పోతాయి.

ఇప్పుడు పువ్వులు, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. చామంతి చలికాలంలోనే ఎందుకు విరగబూస్తుంది? చలి వల్ల అనుకుంటాం. అసలు సంగతి రాత్రి పొడుగు. చామంతి మొక్క చీకటి ఎన్ని గంటలుందో కొలుస్తుంది, రాత్రి పొడుగు ఒక హద్దు దాటితేనే మొగ్గ వేస్తుంది. అందుకే పూత ఆలస్యం కావాలంటే కొందరు రైతులు చామంతి తోటలో రాత్రిపూట బల్బులు వేలాడదీస్తారు, మొక్క రాత్రి ఇంకా చిన్నగానే ఉందనుకుని ఆకులు పెంచుకుంటూ కూర్చుంటుంది. మీ వీధిలో లైటు స్తంభం కింద ఉన్న చామంతికీ, వెనక పెరట్లో చీకట్లో ఉన్న చామంతికీ ఒకే వారం మొగ్గ వచ్చిందా లేదా? రెండూ ఫొటో తీసి తేదీ వేసి పంపండి. కడియపులంక నర్సరీలకి ఈ సీజన్లో వెళ్ళనివాళ్ళు ఉండరు, కొత్త సంవత్సరానికి మొక్కలతో అంకెలు పేర్చిపెడతారు, అందరం వాటి ముందు నిలబడి తీసుకుంటాం, మంచిదే, తీసుకోండి, దానితోపాటు పక్కన ఒక్క చామంతి దగ్గరికి వంగి కూడా తీయండి. ఒక పువ్వు అనుకుంటున్నది ఒక పువ్వు కాదండి, వందల చిన్న పువ్వుల గుత్తి, ఒక్కొక్క రేకూ ఒక్కొక్క పువ్వు. బంతిని కూడా రేకులు తుంచి ఒకటి అరచేతిలో పెట్టుకుని చూడండి, అడుగున సన్నటి నల్ల గింజ ఉంటుంది, దానికదే ఒక పువ్వు అని తెలిసిపోతుంది.

గడ్డి మీద నీటి చుక్కలు కూడా అలాంటివే. పొద్దున్నే గరిక కొసన సరిగ్గా ఒక్క చుక్క నిలబడి ఉంటుంది, చామంతో, టమాటోనో అయితే ఆకు అంచున పళ్ళు ఉన్నచోటల్లా వరసగా చుక్కలు ఉంటాయి, అవన్నీ మంచు అనుకుంటాం. ఆకు మీదంతా సన్నగా పట్టిన తడి మంచే, కానీ ఆ కొసన వరసగా నిలబడ్డవి చాలాసార్లు మొక్క తనలోంచి బయటికి తోసిన నీళ్ళు, రాత్రి వేళ్ళు నీళ్ళు తాగుతూనే ఉంటాయి, ఆకులు మాత్రం ఆవిరి పెద్దగా బయటికి వదలవు, అందుకని ఆ ఒత్తిడికి అంచుల్లోంచి బొట్లుగా వస్తుంది. సాలెగూడు మీద ఉన్నది మాత్రం అచ్చం మంచే. ఈ రెండిటినీ సూర్యుడికి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని తీయండి, నిలబడి పైనుంచి తీస్తే ఏమీ రాదు.

మామూలు మనుషులు తీసిన ఫొటోలతో ఏమవుతుంది అని అడిగేవాళ్ళకి ఒక సంగతి చెప్తాను. 2006లో అమెరికాలో అయోవా రాష్ట్రం సీడార్ రాపిడ్స్ ఊళ్ళో ఒకావిడ వింతగా సముద్రం తిరగేసినట్టున్న మబ్బుల్ని ఫొటో తీశారు. అలాంటి ఫొటోలే వేరే వేరే దేశాల నుంచి ఇంగ్లండ్‌లో మబ్బులంటే ఇష్టమున్నవాళ్ళ సంఘం ఒకదానికి చేరాయి, వాళ్ళు అన్నీ పక్కపక్కన పెట్టి ఇది ఇప్పటిదాకా పేరు లేని రకం అన్నారు, 2017లో ప్రపంచ వాతావరణ సంస్థ తన మబ్బుల అట్లాసులో దానికి యాస్పెరిటాస్ అని చోటిచ్చింది. ఆకాశాన్ని చూసి ఊరికే పోకుండా ఫొటో తీసి పదిమందికి చూపించినవాళ్ళ వల్లే ఇది జరిగింది.

మన ఆరుద్ర నక్షత్రం సంగతీ అంతే. ధనుర్మాసంలో ఆరుద్ర దర్శనం చేసుకుంటాం కదా, ఆ ఎర్ర నక్షత్రం 2019 చివర్లో మసకబారడం మొదలై 2020 ఫిబ్రవరికి మామూలు వెలుగులో సగానికన్నా తగ్గిపోయింది, తర్వాత మళ్ళీ కోలుకుంది, నక్షత్రం నుంచి బయటపడ్డ పదార్థం చల్లబడి దుమ్ములా అడ్డం రావడమే కారణమని తర్వాత తేలింది. ఆ శీతాకాలం మేడ మీద నుంచి తీసిన రాత్రి ఫొటో మీ పాత ఫోన్లో ఉంటే వెతకండి, పక్క నక్షత్రాలతో పోల్చి చూడండి, తేదీ ఉంటే అది సాక్ష్యం, లేకపోతే ఊరికే నల్లటి ఫొటో.

ఇక్కడే అసలు ఇబ్బంది. ఫోన్ తీసిన ప్రతి ఫొటోలో తేదీ, టైం, చాలాసార్లు చోటు కూడా దాచుకుంటుంది, కానీ వాట్సాప్‌లో మామూలుగా ఫొటోగా పంపితే ఆ సమాచారం ఊడిపోతుంది, సైజు కూడా తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉంటుంది. డాక్యుమెంట్ గొడవంతా ఎందుకనుకుంటే కింద టైప్ చెయ్యండి, చాలు. "జనవరి 9, పొద్దున 7.10, కోటిలింగాల రేవు, మంచు ఇంకా విడలేదు, అవతలి ఒడ్డు కనపడట్లేదు." ఇంతే. అమెరికాలో ఉన్న పిల్లలు మంచు పేరుకున్న కారు ఫొటో పంపితే ఇక్కడి నుంచి అమ్మ డిసెంబరాల దండ ఫొటో పంపుతుంది, ఆ రెండూ ఒకే రోజువని తెలిస్తే వాటి విలువే వేరు. ఎవరిదో గులాబీ మీద శుభోదయం అని రాసున్న బొమ్మ ఫార్వర్డ్ చెయ్యడానికి పట్టే టైమే మీ కుండీలో పువ్వు తీసి పంపడానికీ పడుతుంది, మీ పువ్వు పంపండి, అవతలివాళ్ళకి మీరు లేచారు, నడిచారు, చూశారు అని కూడా తెలుస్తుంది.

జాగ్రత్తలు రెండే. పక్షి గూడు పెట్టిన చెట్టు, అరుదైన మొక్క ఉన్న చోటు కచ్చితంగా చెప్పొద్దు, ఊరి పేరు దగ్గర ఆపేయండి. మన ఇంటి లొకేషన్ కూడా తెలియనివాళ్ళున్న గ్రూపుల్లో పెట్టకండి.

ఇక ఈ ఫొటోలు ఎక్కడ పనికొస్తాయో చెప్పి ముగిస్తాను. ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది, మన దేశం 2013 నుంచి అందులో ఉంది, పావుగంట మీ మేడ మీద నిలబడి కనపడ్డ పక్షులు లెక్కపెట్టి, పక్షుల లెక్కలు రాసుకునే ఈబర్డ్ అనే యాప్‌లో ఎక్కిస్తే చాలు. సీజన్‌వాచ్ అని ఇంకోటి ఉంది, మీ వీధిలో ఒక చెట్టుని ఎంచుకుని వారం వారం చిగురు, పూత, కాయ ఎంతుందో రాయడం. మామిడి చెట్టు అందరి దగ్గరా ఉంటుంది, ఇప్పుడు పూత టైం కూడాను. ఇవాళ ఇంటికెళ్ళగానే దాని కింద నిలబడి ఒక కొమ్మ ఫొటో తీసి, తేదీ రాసి మన వాకర్స్ గ్రూపులో పెట్టండి, వచ్చే ఆదివారం అదే కొమ్మ మళ్ళీ తీయండి, ఎవరింట్లో పూత ముందొచ్చిందో ఫిబ్రవరి మీటింగులో అందరివీ పక్కపక్కన పెట్టి చూద్దాం.