నాలిక మీద గుల్లలు: ఏది వదిలేయాలి, ఏది చూపించాలి

[దృశ్యం: మందుల షాపు కౌంటర్. మాట్లాడేది షాపాయన.]

నమస్తే. తిరుపతిలో మందుల షాపులో కూర్చునేవాడికి స్వామి దర్శనం దొరకని రోజులు ఉంటాయేమోగానీ, నాలికల దర్శనం దొరకని రోజు ఉండదు. కౌంటర్ మీదికి వంగి, నాలిక చాపి, "సామీ, ఇదేందో చూడు, వేడి చేసినట్టుండాది, బీకాంప్లెక్స్ ఇయ్యి" అంటారు. జబ్బేదో, మందేదో వాళ్ళే తేల్చేసుకుని వస్తారు. నేను డాక్టర్ని కాదు. కానీ ఏ నాలికకి మాత్ర ఇవ్వచ్చో, ఏ నాలికని ఆసుపత్రికి పంపాలో చెప్పగలను.

[తెర మీద: నాలిక బొమ్మ. వెనక భాగంలో గుండ్రటి బుడిపెలు వెలుగుతాయి.]

ముందు అసలు జబ్బే కానిది. ఫోన్ టార్చి వేసుకుని అద్దంలో గొంతు దాకా చూసుకుంటే, నాలిక వెనకాల పెద్ద బుడిపెలు 8 నుంచి 12 దాకా వరసగా కనబడతాయి. ఆ వరస మధ్యలో మొన తేలి, గొంతు వైపు తిరిగి ఉంటుంది. అది చూసి నిద్ర మానుకున్నవాళ్ళు ఉన్నారు. అవి పుట్టుకతో వచ్చినవే, వాటి పక్కల్లో రుచి మొగ్గలు ఉంటాయి. నాలిక అంచుల్లో వెనకగా నిలువు మడతలూ, ముందు భాగంలో ఎర్రటి చుక్కలూ ఉంటాయి. అవీ మామూలే. ఒక చిన్న గుర్తు: కుడి పక్క ఎట్లా ఉందో ఎడమ పక్కా దాదాపు అట్లాగే ఉంటే, అది మీ నాలిక తయారైన తీరు. ఒకే పక్క కొత్తగా ఏదైనా లేస్తే దాన్ని పట్టించుకోవాలి.

[తెర మీద: తోపుడుబండి. తోతాపురి ముక్కల మీద ఉప్పూకారం చల్లుతున్న చెయ్యి.]

ఇక రాత్రికి రాత్రి లేచేవి. మన చిత్తూరు వైపు మామిడి కాలంలో ఇవి ఎక్కువ చూస్తాను. తోతాపురి కాయ కోసి, ఉప్పూకారం దట్టించి, నాలిక చురుక్కుమనే దాకా తింటాం. తెల్లారేసరికి నాలిక కొసన ఆవగింజంత గుల్ల, తెల్లగానో ఎర్రగానో. పంటికి తగిలితే ప్రాణం పోతుంది. పులుపు, కారం, పొగలు కక్కే కాఫీ, నాలిక కరుచుకోవడం, ఇవన్నీ ఇందాక చెప్పిన ఆ ఎర్రటి చుక్కల్ని రెచ్చగొడతాయి. ఇంకోటి ఉంది. వేపపుల్ల నిలువునా చీల్చి, ఆ బద్దతో నాలిక రక్తం వచ్చేలా గీసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. శుభ్రం మంచిదే, కానీ చర్మం లేచిపోయేలా గీస్తే వాపు రాక ఏమొస్తుంది?

దీనికి మందు పెద్దగా అక్కర్లేదు. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర టీస్పూన్ ఉప్పు వేసి, రోజుకు రెండు మూడు సార్లు పుక్కిలించి ఊసెయ్యండి. చిన్న ఐసుముక్క చప్పరించండి. ఊరిబిండి పచ్చడి, ఎర్రకారం తగ్గేదాకా పక్కన పెట్టి పెరుగన్నం తినండి. కొద్ది రోజుల్లో పోతుంది. గోరుతో గిల్లడం, సూదితో పొడవడం మాత్రం వద్దు.

నోటిపూత వేరు. అది గుల్ల కాదు, పుండు. మధ్యలో తెల్లగా, చుట్టూ ఎర్రగా ఉంటుంది. చిన్నదైతే ఒకటి రెండు వారాల్లో మానుతుంది. మానిందే మళ్ళీ మళ్ళీ వస్తుంటే బి12, ఐరన్, ఫోలిక్ యాసిడ్ తక్కువేమో రక్తపరీక్షలో చూడాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బి12 తగ్గే అవకాశం ఉంది. వాళ్ళు ఊరికే బీకాంప్లెక్స్ మింగుతూ పోతే అసలు లోటు ఎంతో తెలీదు. కొందరికి పేస్టులో నురుగు కోసం వేసే సోడియం లారిల్ సల్ఫేట్ పడదు, అది లేని పేస్టుకి మారితే తగ్గుతుంది.

[తెర మీద: తెల్లటి పొర పట్టిన నాలిక.]

తెల్లగా పెరుగు తరకల్లా పట్టి, తుడిస్తే ఊడి, కింద ఎర్రగా కనబడేది ఫంగస్. షుగరు అదుపులో లేనివాళ్ళు, కట్టుడుపళ్ళు రాత్రి కూడా తియ్యనివాళ్ళు, ఆస్తమా ఇన్‌హేలర్ పీల్చి నోరు కడుక్కోనివాళ్ళు దీని పాలబడతారు. దీనికి ఫంగస్ మందు కావాలి. పక్కింటాయన వాడిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ అడిగి పూసుకుంటే ముదురుతుంది. అందుకే "నోటికి పూసే జెల్ ఏదో ఒకటియ్యి" అంటే నేను ఇవ్వను, కోప్పడినా సరే.

పసిబిడ్డ నాలికకి తేనెలో వెలిగారం (బోరాక్స్) రంగరించి రాసే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. అవ్వలూ, కోపం తెచ్చుకోకండి, మానెయ్యండి. ఏడాది నిండని బిడ్డకి తేనే వద్దు, వెలిగారం విషం. జ్వరంతో పాటు నాలిక స్ట్రాబెర్రీలా ఎర్రబడినా, చేతుల్లో కాళ్ళల్లో కూడా పొక్కులు లేచినా ఆ రోజే పిల్లల డాక్టరుకి చూపించండి.

[షాపాయన కెమెరాకి దగ్గరగా.]

ఇప్పుడు నన్ను భయపెట్టే నాలిక. "నొప్పి లేదు సామీ, అందుకే పట్టించుకోలా" అంటారు. నొప్పి లేదనే మాట ఇక్కడ ధైర్యం కాదు. నాలిక క్యాన్సర్ ఎక్కువగా పక్క అంచున మొదలవుతుంది, మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు. పుండు గానీ, గడ్డ గానీ, తుడిచినా పోని తెల్ల మచ్చ గానీ, ఎర్ర మచ్చ గానీ రెండు వారాలు దాటినా ఉంటే. ముట్టుకుంటే గట్టిగా ఉంటే. దానంతట అదే రక్తం కారితే. మెడలో బిళ్ళ కట్టితే ఆగొద్దు. గుట్కా, ఖైనీ, బీడీ, వక్క అలవాటున్నవాళ్ళు మరీ ముఖ్యంగా. ఏ అలవాటూ లేనివాళ్ళకీ రాదని కాదు. గుల్ల కనబడిన రోజే ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి, తేదీ దానికదే పడుతుంది. "మొన్నీమధ్యే వచ్చింది" అనే మాటతో డాక్టరుకి పని జరగదు.

తిరుపతిలో అయితే రుయా ఆసుపత్రిలో గానీ, స్విమ్స్‌లో గానీ చూపించుకోవచ్చు. చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికైనా, పళ్ళ డాక్టరు దగ్గరికైనా వెళ్ళచ్చు. నాలికని గుడ్డతో పట్టుకుని అంచులు చూస్తారు, దవడ కింద తడుముతారు. విరిగిన పన్ను మొన రోజూ రాసుకుని కాయ కట్టి ఉంటే మొన అరగదీస్తారు, కాయ పోకపోతే కోసి తీసేస్తారు. అనుమానం ఉంటే మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని బస్సులో ఎవరో చెప్పారని తిరిగొచ్చేయకండి. ఆ ముక్క చూడకుండా ఏ డాక్టరూ ఖాయంగా చెప్పలేడు. వెళ్ళేటప్పుడు రోజూ వేసుకునే మాత్రల అట్టలు కూడా సంచిలో వేసుకోండి.