కట్టెతో విమానం ఎగురుతుంది సరే, ఆ కట్టె ఎవరిది?

యాంకర్: నమస్కారం. రంపపు పొట్టు, బెరడు, కొమ్మా రెమ్మా... వీటితో కారు నడుస్తుందా, శంషాబాద్‌లో విమానం లేస్తుందా అన్నదే ఇవాళ్టి చర్చ. మన హైదరాబాద్ స్టూడియోలో ఒక కెమికల్ ఇంజినీర్, ముషీరాబాద్‌లో సా మిల్లు నడిపే పెద్దాయన, ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన జామాయిల్ రైతు ఉన్నారు. మేడమ్, నేరుగా అడుగుతాను, ఇది అయ్యే పనేనా?

ఇంజినీర్: ఎప్పుడో అయిందండి. 2016 నవంబర్‌లో అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానం సియాటెల్ నుంచి వాషింగ్టన్ డీసీకి వెళ్లింది. అందులో 20 శాతం ఇంధనం, అడవిలో చెట్లు కొట్టాక మిగిలిన కొమ్మలు, మొద్దులతో చేసిందే. ఇక ఫిన్లాండ్‌లో యూపీఎం కంపెనీ 2015 నుంచి డీజిల్ తీస్తోంది. కాగితం కోసం కట్టెను ఉడికించినప్పుడు మిగిలే నల్లటి ద్రవం మీద ఒక జిడ్డు తేలుతుంది, దాంట్లోంచి వచ్చే టాల్ ఆయిలే ముడిసరుకు.

యాంకర్: భద్రాచలం దగ్గర మనకూ కాగితం మిల్లు ఉంది కదా, అక్కడా తీయొచ్చుగా?

ఇంజినీర్: అందరూ పొరబడేది అక్కడే. ఆ జిడ్డు బంక కారే పైన్ చెట్లలో ఉంటుంది, మన జామాయిల్, సుబాబుల్‌లో చాలా తక్కువ. మనం వేరే దారి పట్టాలి. కట్టెకు సరిపడా గాలి అందనివ్వకుండా బాగా వేడి చేస్తే హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ కలిసిన గ్యాస్ వస్తుంది, దాన్ని శుభ్రం చేసి ఉత్ప్రేరకం మీదుగా పంపితే నూనె అవుతుంది. 1920ల్లో జర్మనీలో ఫిషర్, ట్రాప్ష్ కనిపెట్టిన పద్ధతి ఇది. ఇలా చేసిన ఇంధనాన్ని విమానాల్లో 50 శాతం దాకా కలపడానికి 2009లోనే అనుమతి ప్రమాణాలు వచ్చాయి.

సా మిల్లు యజమాని: యుద్ధం రోజుల్లో పెట్రోల్ దొరక్క బొగ్గు గ్యాస్‌తో బస్సులు నడిపారని మా తాత చెప్పేవాడమ్మా. అదీ ఇదీ ఒకటేనా?

ఇంజినీర్: మొదటి సగం అదేనండి. అప్పుడు ఆ గ్యాస్‌ని అక్కడికక్కడే ఇంజిన్లో కాల్చేవాళ్లు. విమానానికి అలా కుదరదు, మైనస్ 47 డిగ్రీల దాకా గడ్డకట్టని ద్రవం కావాలి. పైగా ఎండు కట్టె బరువులో 40 శాతానికి పైగా ఆక్సిజనే, అదంతా వదిలించుకోవాలి. ఖర్చంతా అక్కడే.

రైతు: ఇక పచ్చి కట్టె అయితే సగం నీళ్లే కదా మేడమ్. కొమ్మలు ఎక్కిస్తే లారీ నిండుతుంది కానీ కాటా మీద తూగదు, కిరాయి మాత్రం అంతే. ఇంకో మాట. మీరంతా వ్యర్థం వ్యర్థం అంటున్నారు. మా ఊళ్లో కొమ్మలు వ్యర్థం కాదు. చెట్లు కొట్టిన చేలోకి ఆడవాళ్లు వచ్చి మోపులు కట్టుకొని పోతారు, ఇంట్లో గ్యాస్ బండ ఉన్నా నీళ్లు కాగేది వాటితోనే. రేపు కంపెనీ వచ్చి టన్నుకింత అని కొంటే నాకు లాభమే, కాదనను. మరి వాళ్ల పొయ్యి సంగతి?

యాంకర్: పెద్దాయనా, మీ దగ్గర పొట్టు ఎటు పోతుంది?

సా మిల్లు యజమాని: ఒక్క బస్తా మిగలదు. ఒకప్పుడు ఇళ్లల్లో పొట్టు పొయ్యిలుండేవి, ఇప్పుడు కోళ్ల ఫారాల వాళ్లు, పొట్టును గట్టిగా నొక్కి బాయిలర్లలో కాల్చే దిమ్మలు (బ్రికెట్లు) చేసేవాళ్లు తీసుకెళ్తారు.

ఇంజినీర్: అందుకే ఉన్న కాస్త కట్టెని కార్లకు పెట్టొద్దంటాను. కారుకి బ్యాటరీ ఉంది. విమాన ఇంధనం కిలోలో ఉన్న శక్తి కిలో బ్యాటరీలో ఉన్నదానికి 40 రెట్ల పైమాటే, ఆ బరువు మోసుకుంటూ ఇక్కణ్నుంచి దుబాయ్ ఎగరలేం. మన దేశం అంతర్జాతీయ విమానాల్లో 2027కి 1 శాతం, 2030కి 5 శాతం ఇలాంటి ఇంధనం కలపాలని లక్ష్యం పెట్టుకుంది.

యాంకర్: దానికి కట్టె ఎక్కణ్నుంచి తెస్తారు?

ఇంజినీర్: బాయిలర్లో కాలుతున్న పొట్టు లాక్కొని అక్కడ బొగ్గు పోయిస్తే మనం సాధించింది సున్నా. నిజంగా ఎవరూ వాడనిది ఎంతుందో మండలాల వారీగా లెక్క తీయాలి, ప్లాంటు ఎంత పెద్దదన్నది ఆ తర్వాతి మాట.

రైతు: ఆ లెక్కకొచ్చినప్పుడు మోపులెత్తే ఆడవాళ్లను కూడా అడగండి మేడమ్. నన్నొక్కణ్నే అడిగితే మొత్తం అమ్మేస్తాననే చెప్తాను.