అరచెయ్యి అడ్డుపెడితే ఖాతా దాగదు

నమస్కారం. వెబ్ అప్లికేషన్‌లో డ్యాష్‌బోర్డు, అంటే లెక్కలూ గ్రాఫులూ ఒకేచోట చూపే పేజీ, పెట్టడం గురించి ఈ వీడియో. ఒక పేజీలో ఇంకో పేజీని కిటికీలా చూపించే ఐఫ్రేమ్ ట్యాగు రాయడం మీకు వచ్చిందే, అది వదిలేస్తున్నాను. ఒక మాట మాత్రం విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది: "ఫిల్టరు పెట్టాం కదండీ, ఎవరి లెక్క వారికే కనిపిస్తుంది."

మా రాయగడలో ఒక చింతపండు టోకు కొట్టు ఉందనుకోండి. పైన బోర్డు ఒడియాలో, లోపల ఖాతా తెలుగులో. సంతల నుంచి సరుకు తెచ్చే ప్రతి ఒక్కరికీ ఆ పుస్తకంలో ఒక పేజీ. ఒకాయన వచ్చి "నాకు రావలసింది ఎంత?" అని అడిగాడు. షావుకారు పుస్తకం మొత్తం ఆయన ముందుకు తోసి, పక్క పేజీ మీద అరచెయ్యి పెట్టాడు. పక్కవాడికి క్వింటాలుకు ఎంత ఇచ్చారో వేళ్ల సందుల్లోంచి కనబడుతూనే ఉంటుంది.

లింకు చివర "డీలర్=41" అని రాసి మీరు పంపుతున్నది ఆ అరచెయ్యే. నేను మరమ్మతుకు వెళ్లిన ఒక అప్లికేషన్‌లో, డీలరు కొడుకు, పదో తరగతి పిల్లవాడు, ఫోనులో 41ని 42 చేసి పక్క ఊరి డీలరు కమీషను తండ్రికి చదివి వినిపించాడు. ఆ తరువాత చాలాకాలం ఆ ఇద్దరు డీలర్లకూ మాటల్లేవు. ఫిల్టరు పెట్టెను తెర మీద దాచేశామంటారు కొందరు. చేతికి గుడ్డ చుట్టుకుంటే పుస్తకం మూతపడుతుందా?

పుస్తకం లోపలి గదిలో గుమాస్తా దగ్గర ఉండాలి. షావుకారు చీటీ రాస్తాడు: "ఈయనకు 41వ పేజీ చూపించు, పది నిమిషాలే." కింద సంతకం. ఆయన చీటీ పట్టుకెళితే గుమాస్తా సంతకం సరిచూసి ఆ పేజీ ఒక్కటే చదివి చెబుతాడు. షావుకారు మీ సర్వర్, గుమాస్తా డ్యాష్‌బోర్డు సర్వర్, చీటీ టోకెన్.

కాగితం చీటీలో అంకె దిద్దినా సంతకం అలాగే ఉంటుంది. టోకెన్‌లో అలా కుదరదు. చీటీలోని ప్రతి అక్షరాన్నీ రహస్య తాళంతో, అంటే సీక్రెట్ కీతో, కలిపి లెక్కకడితేనే ఆ సంతకం పుడుతుంది, 41ని 42 చేయగానే చెల్లదు. నాకు ఎంతో ఇష్టమైన ఏర్పాటు ఇది. 2015లో ప్రమాణంగా వచ్చిన జేడబ్ల్యూటీ (జేసన్ వెబ్ టోకెన్) చేసే పని ఇదే. డ్యాష్‌బోర్డులు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో, మెటాబేస్‌లో లాక్ చేసిన పారామితులు, సూపర్‌సెట్‌లో గెస్ట్ టోకెన్ ఇందుకే ఉన్నాయి.

ఒక్క జాగ్రత్త. చీటీ మడతపెట్టి ఉంటుందే గానీ దానికి లక్క ముద్ర ఉండదు. టోకెన్‌లో చుక్కలతో విడిపోయిన మూడు ముక్కల్లో మధ్యది ఎవరైనా విప్పి చదవగలరు. రహస్యాలు అందులో రాయకండి. రహస్య తాళాన్ని బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్‌లో పెట్టడమంటే షావుకారు ముద్రను వచ్చినవాడి చేతికే ఇవ్వడం.

సమయం అయిపోతోంది, మిగతావి గబగబా చెబుతాను. ఐఫ్రేమ్‌లో లాగిన్ కుకీని నమ్ముకోకండి, సఫారీ బ్రౌజర్ 2020 నుంచే మూడో పక్షం కుకీలను, అంటే తెరిచిన సైటువి కాక వేరే సైటు పెట్టేవాటిని, పూర్తిగా ఆపేస్తోంది. డ్యాష్‌బోర్డును ఏ సైట్లు ఐఫ్రేమ్‌లో పెట్టుకోవచ్చో చెప్పే ఫ్రేమ్ యాన్సెస్టర్స్ నిబంధనలో మీ సైటు పేరు మాత్రమే ఉంచండి. టోకెన్ గడువు ముగిసేలోపు కొత్తది తెప్పించండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 9.5 వెర్షన్ నుంచి వరుసల స్థాయి భద్రత, అంటే ఎవరికి ఏ వరుసలు కనిపించాలో డేటాబేసే తేల్చే ఏర్పాటు, ఉంది, ఆ గడియ కూడా వేయండి.

ఇప్పుడు మీ అప్లికేషన్ తెరిచి, లింకులో ఆ అంకె మార్చి చూడండి. పక్కవాడి పేజీ వచ్చిందంటే ఈ రాత్రికే ఆ లింకు ఆపేయండి.