హాజరుపట్టీలో పేర్లు
(గణతంత్ర దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, తోటి ఉపాధ్యాయులకు, ఎండలో కూర్చున్న పిల్లలకు నమస్కారం. నాకు పదిహేను నిమిషాలిచ్చారు. ఎండ ముదిరేలోగా ముగించేస్తాను.

దేశం గురించి గర్వపడే విషయం ఏదైనా చెప్పమన్నారు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో 22 భాషలున్నాయనీ, నోటు వెనక 15 భాషల్లో దాని విలువ రాసి ఉంటుందనీ మీకు తెలిసిందే. నేను హాజరుపట్టీ గురించి మాట్లాడతాను. ముప్పై ఏళ్లు రోజూ పొద్దున్నే నేను చదివిన పుస్తకం అదే. 'హాజరు' అన్న మాట కూడా అరబ్బీ నుంచి వచ్చిందేనని గుర్తుపెట్టుకోండి.

మస్తానయ్య, దస్తగిరమ్మ, ఫక్కీరప్ప, హుస్సేనప్ప, నాగూరయ్య, కుళ్లాయప్ప. అనంతపురం వైపు ఈ పేర్లు పిలిస్తే ఎవరూ వింతగా తల తిప్పి చూడరు. ఫక్కీరప్ప నుదుట విభూతి ఉంటుంది. మస్తానయ్య తిరుపతిలో గుండు చేయించుకుని వారం సెలవు తర్వాత బడికొస్తాడు. పిల్లలు పుట్టకపోతేనో, పుట్టినవాళ్లు దక్కకపోతేనో తల్లి మొక్కుకుంటుంది. నెల్లూరు దగ్గర కసుమూరు దర్గాకు మొక్కితే మస్తాను, తమిళనాడులోని నాగూరుకు మొక్కితే నాగూరయ్య. ఆ నాగూరు దర్గాలో అన్నిటికన్నా ఎత్తయిన మినారు కట్టించింది తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడు.

దస్తగిరి అంటే ఏదో కొండ పేరని చాలాకాలం అనుకున్నాను. గిరి ఉంది కదా! తీరా చూస్తే అది పారశీకం. 'చేయి పట్టుకునేవాడు' అని అర్థం. 12వ శతాబ్దపు బాగ్దాదు సూఫీ అబ్దుల్ ఖాదర్ జీలానీకి ఉన్న బిరుదది. ఎక్కడి బాగ్దాదు, ఎక్కడి మన దస్తగిరమ్మ!

ఇక కుళ్లాయప్ప. నార్పల మండలం గూగూడులో మొహర్రం నెలలో కుళ్లాయిస్వామి పీరు ఎత్తుతారు. జనం చక్కెర చదివిస్తారు, నిప్పుల గుండం తొక్కుతారు. అక్కడ ఏ కులం, ఏ మతం అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. కుళ్లాయి అంటే టోపీ, ఇదీ పారశీకం నుంచి వచ్చిన మాటే. విజయనగర ఆస్థానానికి వెళ్తే కుల్లాయి పెట్టుకోవాల్సి వచ్చిందని శ్రీనాథుడు చాటుపద్యంలో వాపోయాడు. అంటే 15వ శతాబ్దానికే ఆ టోపీ హిందూ రాజు కొలువులో మర్యాద దుస్తు అయిపోయింది. కవిగారికి చిరాకేసిన టోపీని మన పల్లె జనం దేవుడి పేరు చేసుకున్నారు. తెలుగు మాస్టారిని కాబట్టి నాకు ఇది భలే ముచ్చటగా ఉంటుంది.

అలాగని చరిత్రంతా పాలూ నీళ్లలా కలిసిపోయిందని నేను అనను. తర్వాత గోల్కొండ సుల్తానైన ఇబ్రహీం కుతుబ్‌షా కుర్రతనంలో విజయనగరంలో అళియ రామరాయల దగ్గర తలదాచుకున్నాడు. 1565లో అదే రామరాయల మీద యుద్ధానికి వెళ్లాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నదీ ఆయన్నే. అద్దంకి గంగాధరకవి కావ్యం అంకితం తీసుకున్నదీ ఆయనే. రెండూ చెప్పాలి.

నాకు పేచీ 'పరమత సహనం' అన్న మాటతోనే. పంటినొప్పిని సహిస్తాం, పక్కింటి మైకును సహిస్తాం. కన్నబిడ్డకు పీరు పేరు పెట్టుకున్న తల్లి దేన్ని సహించినట్టు? ఆ స్వామి తన స్వామే అనుకుంది, అంతే.

మొన్నామధ్య నా దగ్గర చదువుకున్న ఒక కుళ్లాయప్ప ఫోన్ చేశాడు. పెద్ద నగరంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అద్దె ఇంటికి వెళ్తే ఓనరు పేరు అడిగి, ముఖం ముడుచుకుని, "మీరు వాళ్లా?" అన్నాడట. "హిందువునే అని చెప్పాను సార్, ఇల్లిచ్చారు. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. మా అమ్మ మొక్కుకున్న స్వామిని నేను కాదన్నట్టు అనిపించింది. నిజంగా ముస్లిం అయినవాడు వస్తే ఏం చెప్పుకుంటాడు సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఈ మధ్య కొందరు తల్లిదండ్రులు, పిల్లాడికి ముందుముందు టెన్షన్ ఎందుకని, పదో తరగతి సర్టిఫికెట్ రాకముందే పేరు మార్పించుకుంటున్నారు. వాళ్లను తప్పుపట్టలేను.

పిల్లలూ, మీలో అలాంటి పేర్లున్నవాళ్లు ఇప్పుడు కూడా నాకు కనిపిస్తున్నారు. సాయంత్రం ఇంటికెళ్లి ఆ పేరు ఎందుకు పెట్టారో మీ అవ్వనడగండి. ఏ ఏడు, ఏ దర్గా, ఏం మొక్కు, అన్నీ అడిగి ఒక కాగితం మీద రాసి రేపు తెచ్చి మీ తెలుగు టీచరుకివ్వండి. నేను ఎల్లుండి వచ్చి చదువుతాను.