ఆ పైపు వేసే ముందు ఎవరైనా అడిగి ఉంటే

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరో దగ్గర ఒక రసాయన కర్మాగారం ఉండేది. సైక్లోహెక్సేన్ అనే, ఇట్టే అంటుకునే ద్రవం ఒకదాని పక్కన ఒకటిగా ఉన్న ఆరు రియాక్టర్లలో, అంటే రసాయన చర్య జరిపే పెద్ద ట్యాంకుల్లో, పారేది. 1974లో అయిదో రియాక్టరుకు పగులు వచ్చింది. దాన్ని తీసి పక్కన పెట్టి, నాలుగుకీ ఆరుకీ మధ్య తాత్కాలికంగా ఒక పైపు బిగించి ఉత్పత్తి మొదలుపెట్టేశారు. ఆ పైపుకు సరైన డ్రాయింగ్ కూడా లేదు. వర్క్‌షాపు నేల మీద సుద్దముక్కతో గీసుకుని తయారుచేశారు! దాదాపు రెండు నెలలు బాగానే నడిచింది. జూన్ 1న ఆ పైపు ఊడిపోయింది. బయటికొచ్చిన ఆవిరి కమ్ముకుని పేలింది. 28 మంది చనిపోయారు. ఆరోజు శనివారం, ఆఫీసు ఖాళీ. లేదంటే ఎంతమంది పోయేవారో.

ఆ పైపు వేసినవాళ్లేమీ దుర్మార్గులు కారు. పని ఆగకూడదన్న తొందర, అంతే. ఇలా మారిస్తే ఏమవుతుందని అడగాల్సిన వర్క్స్ ఇంజనీరు ఉద్యోగం అప్పటికి ఖాళీగా ఉంది.

భద్రతా నిబంధనలు ఆ ప్రశ్నను తప్పనిసరి చేస్తాయి. అమెరికాలో 1992 నుంచి, ప్రమాదకర రసాయనాలున్న ప్లాంట్లలో ఏ మార్పు చేయాలన్నా ముందే పరిశీలించి, కాగితం మీద పెట్టి, అనుమతి తీసుకోవాలి. ప్లాంటులో పనిచేసేవాళ్లకు ఇది విసుగే, కాదనను. కానీ ఆ కాగితం నింపేలోపు ఎవరో ఒకరు ఆగి ఆలోచిస్తారు.

1976లో ఇటలీలోని సెవెసో దగ్గర ఒక రసాయన కర్మాగారం నుంచి డయాక్సిన్ అనే విషం వెలువడితే, అదేమిటో చుట్టుపక్కల జనానికి రోజుల తరబడి తెలియలేదు. అందుకే 1982 నాటి యూరప్ నిబంధనల్లో, ఇరుగుపొరుగు జనానికి ప్రమాదం గురించి ముందే చెప్పాలన్న షరతు చేరింది.

ఇక భోపాల్. 1984 డిసెంబరులో అక్కడ విషవాయువు జనం మీద పడింది రక్షణ పరికరాలు లేక కాదు. ట్యాంకును చల్లబరిచే యంత్రం ఆపేసి ఉంది, గ్యాసును మండించే ఫ్లేర్‌కు వెళ్లే పైపు తీసేసి ఉంది. నిబంధన పుస్తకంలో ఉంటే చాలదు. వచ్చి చూసే, అవసరమైతే ప్లాంటు ఆపించే అధికారి కావాలి. నన్నడిగితే అసలు లోటు ఎక్కువగా అక్కడే ఉంటుంది.

భోపాల్ తర్వాత మన దేశంలో 1989లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. ఒక పరిమితికి మించి ప్రమాదకర రసాయనం నిల్వ చేసే సంస్థ, ప్రమాదం జరిగితే ఏం చేయాలో చుట్టుపక్కల వాళ్లకు తెలియజేయాలి. మీ పక్కనే అలాంటి ఫ్యాక్టరీ ఉండి, సైరన్ మోగితే ఎటు వెళ్లాలో మీకెవరూ చెప్పకపోతే, వెళ్లి అడగండి. చెప్పడం వాళ్ల బాధ్యత.